పరుగెత్తుతూ పడిపోయాడా? అలారం మోగగానే స్పృహ తప్పిందా? అన్నీ ఫిట్స్ కావు.. ఒక్క ఈసీజీ తీయించండి!

ఆటల పీరియడ్‌లో పరుగెత్తుతున్న పిల్లాడు ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. నిమిషం తిరక్కుండానే లేచి కూర్చుంటాడు. ఎండ దెబ్బ అని ఒకరు, ఫిట్స్ అని ఇంకొకరు, దిష్టి తగిలిందని మరొకరు అంటారు. గుండె సంగతి మాత్రం చాలామందికి తట్టదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇలాంటి కేసుల్లో కొన్నింటికి కారణం 'లాంగ్ క్యూటీ సిండ్రోమ్'. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే గుండె లయ సమస్య ఇది. సుమారు 2 వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఇంతకీ ఏంటీ క్యూటీ?

గుండె కొట్టుకోవాలంటే కరెంటు కావాలి. అది గుండెలోనే పుడుతుంది. ఒకసారి కొట్టుకున్నాక, మళ్లీ కొట్టుకునేలోపు గుండె కణాలు రీచార్జ్ కావాలి. ఈసీజీ గీతలో 'క్యూ' దగ్గర మొదలై 'టీ' అనే అల ముగిసేదాకా పట్టే టైమే క్యూటీ. గుండె వేగాన్ని బట్టి దీన్ని సరిచేసి లెక్కిస్తారు. ఆ లెక్క మగవారిలో 450, ఆడవారిలో 460 మిల్లీసెకన్లు దాటితే డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. 500 దాటితే రిస్క్ ఎక్కువ.

పొటాషియం, సోడియం లాంటి లవణాలు కణాల్లోకి వెళ్లి వచ్చే దారులు ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువులో లోపం ఉంటే రీచార్జ్ లేటవుతుంది. ఆ గ్యాప్‌లో గుండె లయ గాడి తప్పొచ్చు. అప్పుడు మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు. లయ దానంతటదే సర్దుకుంటే ఏమీ జరగనట్టే లేస్తాడు. సర్దుకోకపోతే మాత్రం కార్డియాక్ అరెస్టే! ఇందులో రక్తనాళాల్లో పూడికలు ఉండవు. గుండె ఆకారంలోనూ సాధారణంగా తేడా కనిపించదు. అందుకే 'ఎకో నార్మల్ వచ్చింది కదా' అని వదిలేయకూడదు.

ఎప్పుడు అనుమానించాలి?

స్కూల్ ప్రేయర్‌లో ఎక్కువసేపు నిలబడి కళ్లు తిరిగి పడిపోవడం చాలావరకు మామూలు విషయమే. కానీ పరుగెత్తుతూనో, ఈత కొడుతూనో పడిపోతే మామూలుగా తీసుకోవద్దు. లాంగ్ క్యూటీలో ప్రధానంగా 3 రకాలు ఉన్నాయి. మొదటి రకంలో పరుగు, ముఖ్యంగా ఈత ప్రమాదం తెస్తాయి. రెండో రకంలో అలారం, ఫోన్ రింగ్ లాంటి హఠాత్తు శబ్దాలు, భయం చాలు. ఈ రకం ఉన్న తల్లులు ప్రసవం తర్వాత కొన్ని నెలలు మరింత జాగ్రత్తగా ఉండాలి. మూడో రకంలో నిద్రలోనో, విశ్రాంతిలోనో ముప్పు వస్తుంది.

ఫిట్స్ వస్తే తేరుకున్నాక కాసేపు మగతగా, అయోమయంగా ఉండటం సాధారణం. లాంగ్ క్యూటీలో చాలాసార్లు వెంటనే తేరుకుంటారు. ఫిట్స్ మందులు వాడుతున్నా మళ్లీ మళ్లీ పడిపోతుంటే ఈసీజీ తీశారో లేదో డాక్టర్‌ను అడగండి.

ఒకరికి ఉంటే ఇంట్లో అందరికీ టెస్ట్

తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యులోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం 50 శాతం. అందుకే ఒకరికి తేలితే అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ టెస్ట్ చేయించుకోవాలి. ఈత బాగా వచ్చినవాళ్లు నీళ్లలో పోవడం, చిన్న వయసులో నిద్రలోనే చనిపోవడం లాంటివి కుటుంబంలో జరిగి ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. ఒక్కోసారి జన్యులోపం ఉన్నా ఈసీజీ నార్మల్‌గానే వస్తుంది. అప్పుడు వ్యాయామ పరీక్ష, జన్యు పరీక్ష అవసరం కావొచ్చు.

మేనరికాలు చేసుకునే కుటుంబాలు మరో విషయం తెలుసుకోవాలి. పుట్టు చెవుడుతో పాటు వచ్చే ఒక అరుదైన లాంగ్ క్యూటీని 1957లో నార్వే డాక్టర్లు జెర్వెల్, లాంగె నీల్సన్ వివరించారు. తల్లి నుంచీ, తండ్రి నుంచీ లోపం ఉన్న జన్యువు అందితేనే ఇది వస్తుంది. దగ్గరి బంధువులను పెళ్లి చేసుకుంటే ఆ అవకాశం పెరుగుతుంది. కాబట్టి పుట్టుకతోనే వినపడని పిల్లలకు ఈసీజీ తీయించాలి. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు ముందైతే మరీ ముఖ్యం.

మెడికల్ షాపులో అడిగి కొనేస్తున్నారా?

అజిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్, వాంతులకు వాడే డోంపెరిడోన్, ఆండాన్‌సెట్రాన్, హైడ్రాక్సీక్లోరోక్విన్.. ఇవన్నీ క్యూటీని ఇంకా పెంచగలవు. ఈ సమస్య ఉన్నవారు ఏ చిన్న జబ్బుకు వెళ్లినా ముందే ఆ విషయం చెప్పాలి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయినా ముప్పే. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ట్రీట్‌మెంట్ ఉందా?

ఉంది. జన్యువును మార్చలేకపోయినా ప్రమాదాన్ని చాలావరకు తగ్గించొచ్చు. ప్రొప్రనొలాల్, నాడొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలే చాలామందికి రక్ష. బాగానే ఉన్నామని సొంతంగా మానేయడం ప్రాణాంతకం. రిస్క్ ఎక్కువ ఉన్నవారికి ఐసీడీ అనే పరికరం అమరుస్తారు. లయ తప్పితే అదే షాక్ ఇచ్చి గాడిలో పెడుతుంది. కొందరికి గుండెకు వెళ్లే కొన్ని నరాలను కత్తిరించే సర్జరీ చేస్తారు. ఆటలు, ఈత విషయంలో డాక్టర్ చెప్పిందే ఫైనల్.

కళ్ల ముందే ఎవరైనా పడిపోతే..

చేతిలో తాళాల గుత్తి పెట్టి కూర్చోవద్దు. పిలిచినా పలక్కుండా, ఊపిరి సరిగా తీసుకోకపోతే వెంటనే 108కి ఫోన్ చేయించి సీపీఆర్ మొదలుపెట్టాలి. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్లేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. తేరుకుని లేచినా సరే, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈసీజీకి పట్టేది కొన్ని నిమిషాలే. దాంతో ఒక్కరికే కాదు, ఇంట్లో అదే సమస్య ఉండి బయటపడని వాళ్లకూ ముందే జాగ్రత్తపడే వీలుంటుంది.