ప్రకటిత ధర

‘1973లో అరబ్బులు చమురును ఆయుధంగా వాడి ధర పెంచారు.’ తరచుగా వినబడే ఈ వాక్యంలో రెండు వేర్వేరు నిర్ణయాలు కలగాపులగమైపోయాయి. ఇందులో లాభపడిందెవరో గ్రహించాలంటే అంతకు ముందు ధర ఎవరు రాసేవారో తెలియాలి.

పశ్చిమాసియా ముడి చమురుకు ‘ప్రకటిత ధర’ అని ఒకటుండేది. అది సంతలో బేరమాడి తేల్చినది కాదు. బావులను గుప్పిట పెట్టుకున్న పాశ్చాత్య కంపెనీలు కాగితం మీద రాసి ప్రకటించిన అంకె. 1950 చివర సౌదీ అరేబియా, ఆరామ్కో లాభాలు చెరిసగం పంచుకోవాలని ఒప్పందం చేసుకున్నాక ఆ అంకెకు అసలు విలువ వచ్చింది. లాభం లెక్కగట్టేది దాని మీదనే గనక. కంపెనీ పీపాకు పది సెంట్లు తగ్గించి రాస్తే ఆ దేశపు ఖజానాకు అయిదు సెంట్లు గండి పడేది. బావిలో చమురు తగ్గలేదు, పనివాడి చెమట తగ్గలేదు, అంకె మారిందంతే!

1959లో బ్రిటిష్ పెట్రోలియం, 1960 ఆగస్టులో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ ఈ పనే చేశాయి. రెండోసారి ఆయా ప్రభుత్వాలకు మాట మాత్రం చెప్పలేదు. మరుసటి నెలలోనే ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ అరేబియా, వెనిజులా బాగ్దాదులో సమావేశమై ఒపెక్‌ను స్థాపించాయి. వారి తొలి తీర్మానం జాతీయకరణ కోరలేదు. ధరలను పూర్వస్థితికి తేవాలనీ, ఇక ముందు మార్చదలిస్తే తమను సంప్రదించాలనీ మాత్రమే కోరింది. ఇంత వినయం ఎందుకంటే, చమురును జాతీయం చేసిన మొసాదిక్‌ను 1953లో బ్రిటిష్, అమెరికన్ గూఢచారి సంస్థలు ఎలా కూలదోశాయో వారెవరూ మరచిపోలేదు.

1971లో అమెరికా డాలరుకు బంగారంతో ఉన్న ముడి తెంచింది. చమురుకు వచ్చే డాలర్ల విలువ కరగసాగింది. 1973 అక్టోబరులో వియన్నాలో కంపెనీలతో జరిగిన చర్చలు విఫలమయ్యాయి. 16న కువైట్‌లో ఆరు గల్ఫ్ దేశాలు ప్రకటిత ధరను సుమారు 3 డాలర్ల నుంచి 5.12 డాలర్లకు తామే పెంచుకున్నాయి. కంపెనీల చేతిలోని కలం లాక్కోవడం ఇదే. వాటిలో అరబ్బు దేశం కాని ఇరాన్ కూడా ఉంది. యుద్ధం కారణంగా అరబ్బు మంత్రులు ఉత్పత్తి తగ్గించాలని నిర్ణయించింది ఆ మరునాడు, అదే నగరంలో. ఇందులో ఇరాన్ లేదు. రెండింటినీ ‘ఆయుధం’ అనే ఒక్క మాట కింద చుట్టబెడితే మొదటి దాని న్యాయం కనబడకుండా పోతుంది.

అంత మాత్రాన ఒపెక్‌కు హారతి పట్టనక్కరలేదు. 1974 జనవరి నుంచి 11.65 డాలర్లయిన ధరకు భారతదేశం వంటి దిగుమతి దేశాలు విలవిల్లాడాయి. రాజవంశాల రాబడిలో పెద్ద భాగం పాశ్చాత్య బ్యాంకులకు, ఆయుధ వ్యాపారులకు చేరింది. ఆ బ్యాంకులే దాన్ని మూడో ప్రపంచానికి వడ్డీకి తిప్పాయి. చమురు ఆర్థిక శాస్త్రంలో డాక్టరేటు పొంది, బాగ్దాదులో చమురు పత్రిక నడిపిన అబ్దుల్ రహమాన్ మునీఫ్ 1984లో ‘ఉప్పు నగరాలు’ నవల మొదలుపెట్టినప్పుడు ధరల పట్టికతో మొదలుపెట్టలేదు. యంత్రాల కింద నేలకూలే ఒయాసిస్ చెట్ల దగ్గరికి పాఠకుణ్ణి తీసుకువెళ్ళాడు. సౌదీ ప్రభుత్వం అప్పటికే ఆయన పౌరసత్వం రద్దు చేసింది.

1986లో ధరలు కుప్పకూలాక ఒపెక్ చేతిలోంచీ కలం జారిపోయింది. ఇప్పుడు గల్ఫ్ నుంచి ఆసియాకు వచ్చే చమురులో చాలా భాగానికి దుబాయి ధర ఒక ఆధారం. దాన్ని సింగపూర్‌లో సాయంత్రం నాలుగున్నర వేళకు జరిగిన బేరాలు చూసి లెక్కగట్టి అచ్చువేసేది ప్లాట్స్ అనే ఒక వార్తా సంస్థ.