జీతము లేని కొలువునకు దరఖాస్తు

“జీతము లేని కొలువునకు దరఖాస్తు కూడ నొకటియా?” అని మా అత్తగారు నవ్విరి. ఆమె నవ్వుటయు న్యాయమే. వాతావరణములో వచ్చుచున్న మార్పును గూర్చి ప్రజలకు తెలియజెప్పు నొక సేవాసంస్థవారు, బొమ్మలు గీసి యక్షరములు కూర్చి ప్రకటన పత్రములు సిద్ధముచేయగల స్వచ్ఛంద సేవకులు కావలెనని ప్రకటించిరి. పని వారమునకు నాలుగు గంటలు. వేతనము లేదు. అయినను అర్జీ వ్రాయవలెను, నమూనాలు పంపవలెను. బడిపంతులుగారి భార్యను, ఇంటనే తండ్రిగారివద్ద భారత భాగవతములు చదువుకొనినదానను, పట్టా లేనిదానను. నాకేల యీ సాహసమని సోదరీమణులు తలపవచ్చును.

మేము ఖమ్మమునుండి భద్రాచలము పోవు త్రోవలో అడవి యంచున కాపురమున్నాము. 2022 జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత నంతటిది మరి రాలేదు. ఆ దినములలో మావారు పనిచేయు బడిగదులలో కొన్ని కుటుంబములు తలదాచుకొనెను. నేను పులిహోర వండి కొనిపోగా, అచ్చట నొక వృద్ధురాలు తడిసి ముద్దయైన పట్టాదారు పుస్తకమును ఒడిలో నారబెట్టుకొనుచు, “మైకులో అంకెలు చెప్పిన్రు తల్లీ, విన్న. మా దాకా వస్తాయని ఎవరు చెప్పిన్రు?” అనెను. ఆ మాట నన్ను విడువలేదు.

భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు వచ్చిన మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఇది యీ ప్రాంతమున బడిపిల్లలకు సైతము కంఠపాఠమే. ఒక్క వరదను జూపి యిది వాతావరణ మార్పువలననే యనుట తొందరపాటగును గాని, గాలి ఒక సెల్సియస్ డిగ్రీ వేడెక్కిన సుమారు నూటికి ఏడు పాళ్లు అధికముగా నీటియావిరిని మోయగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మోసినది ఎచ్చటనో దింపకతప్పదు గదా.

బొమ్మలతో లోకమునకు మేలుచేయుట క్రొత్త సంగతి కాదు. మన ఖమ్మము చేరువ రెడ్డిపల్లిలో వనజీవి యని పేరొందిన దరిపల్లి రామయ్యగారు ఏ చిత్రకళాశాలలో చదివిరి? పారవేసిన రేకుముక్కలమీద చెట్లనుగూర్చిన వాక్యములు తామే వ్రాసికొని, “వృక్షో రక్షతి రక్షితః” అను పలకను మెడలో వేసికొని, విత్తనములతో ఊరూర తిరిగిరి. భార్య జానమ్మగారు ఆయనకు తోడు. 2017లో పద్మశ్రీ వచ్చినది. 2025 ఏప్రిల్‌లో ఆయన కాలధర్మము చెందిరి. నిలువెత్తు మనుష్యుడే ప్రకటన పత్రమైన యుదాహరణము నాకు మరియొకటి తెలియదు.

విదేశముననుండి మరియొక ముచ్చట. ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయమున ఎల్లీ హైవుడ్ అను వాతావరణ శాస్త్రవేత్త 2017లో క్రోషియాతో నొక కంబళి నల్లినది. ఏటి కొక చార చొప్పున, ఆ యేటి వేడిమిననుసరించి రంగు. మరుసటి సంవత్సరము అచ్చటి ఎడ్ హాకిన్స్ అను ఆచార్యుడు నీలి, ఎఱుపు చారల చిత్రమును ప్రకటించెను. అందు అక్షరము లేదు, అంకె లేదు. ఎడమనుండి కుడికి చూచిన నీలము తరిగి ఎఱుపు పెరుగును, అంతియే. నేడది దేశదేశములందు తెలిసిన బొమ్మ. అల్లికపని కాలక్షేపమని పరిహసించు పురుషపుంగవులు దీనిని గమనింతురు గాక!

నా యర్జీ కథకు వచ్చెదను. మొదటి నమూనాగా వరద హెచ్చరికల పట్టికనే గీసితిని. మూడు గడులు, మూడు రంగులు, మూడు అంకెలు, చుట్టును పద్మముల ముగ్గు. నా కన్నులకు ముద్దుగానే యుండెను. అడ్డాకులు తెచ్చి యిచ్చు కోయ సోదరికి చూపితిని. ఆమె చాలసేపు చూచి, “అక్కా, ఆ యాభైమూడు అడుగులు గోదారిలో గదా. మా వాకిట్లకు ఎన్ని?” అనెను. నేను నిరుత్తరనైతిని. భద్రాచలము వంతెనవద్ద కొలత యొకటే. ప్రతి యూరి పల్లము వేరు. నేను గీసినది అధికారులకు తెలిసిన సంగతిని అధికారులకే చెప్పుచున్నది.

ఉషకన్య కలలో జూచిన వానిని కనిపెట్టుటకు చిత్రలేఖ రాజకుమారుల రూపములన్నియు వ్రాసి యొక్కొక్కటియే చూపెను గదా. ఉష గుర్తుపట్టువరకు చిత్రలేఖ పని పూర్తికాలేదు. చూచువారు ఇది మాదే యనవలెను.

ముగ్గు తుడిచివేసితిని. ఆమె యూరి వాగు, వంతెన, చింతచెట్టు, బడిమెట్లు గీసి, ఏ హెచ్చరికకు నీరు దేనిని తాకునో చూపి, ప్రక్కన చేయవలసిన పని బొమ్మగా నుంచితిని: కాగితముల మూట, పశువుల త్రాడు, మెరకకు పోవు త్రోవ. ఏ మెట్టు ఎప్పుడు మునిగెనో ఊరివారి నోటనే విని వ్రాసితిని. గోడలమీద వ్రాయువాడు రెండు రంగులతోనే దింపుకొనునట్లు మూడవ రంగు మానితిని.

కంప్యూటరు మావారిది; ఇంక్‌స్కేప్ అను ఉచిత సాధనముతో నేర్చుకొంటిని. ఒక మోసము గమనింపుడు. కొన్ని సాధనములందు తెలుగు వత్తులు విడిపోవును. మొదట నా ఫోనులో గీసిన పత్రమున “హెచ్చరిక” యనునది రెండు ముక్కలై, హెచ్ ఒకచో, చరిక యొకచో నిలిచెను. అచ్చునకు పంపుటకు ముందు ప్రతి సంయుక్తాక్షరమును వ్రేలుపెట్టి చదువవలెను. ఉచితముగ దొరకు అక్షరరూపములకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ యని పేర్లు పెట్టిరి. అష్టదిగ్గజములచే వరద హెచ్చరిక వ్రాయించితినని మావారితో హాస్యమాడితిని.

సేవ యన్నచో షరతు లడుగరాదని కొందరందురు. నేనంగీకరింపను. పూర్వమొక ప్రదర్శనమునకు నేను గీసియిచ్చిన బొమ్మలు వేరొకరి పేర గోడనెక్కెను, అడిగిన, “ధర్మకార్యమునకు పేరెందుకమ్మా?” అనిరి. అందుచే నీ యర్జీలో వారమునకెన్ని గంటలు ఇయ్యగలనో, పిల్లల పరీక్షల నెలలో ఇయ్యజాలనో, బొమ్మక్రింద నా పేరుండవలెననియు, మార్చునపుడు నాకు చూపవలెననియు స్పష్టముగా వ్రాసితిని. నాలుగే నమూనాలు పంపితిని. తప్పిన మొదటి పట్టికనుగూడ జతపరచి, అడ్డాకుల సోదరి ప్రశ్నను దానిక్రింద వ్రాసితిని. అది తీసివేయుమని మావారు రెండుమారులు చెప్పిరి; వినలేదు.

పదునైదు దినములకు ప్రత్యుత్తరము వచ్చినది. ఆ తప్పిన పట్టికను గూర్చియే యెక్కువ అడిగిరి. షరతులకు ఒప్పుకొని, గోదావరి యొడ్డున మరియొక యూరికి అట్టి చిత్రమునే మొదటిపనిగా నిచ్చిరి. ఆ యూరు మా అత్తగారి పుట్టినిల్లు! 1986లో నీరు ఎచ్చటివరకు వచ్చెనని యడుగగా, ఆమె కూరలు తరుగుట మాని, గుడి యరుగు, మేనమామగారి దొడ్డి, రచ్చచెట్టు అన్నియు చెప్పిరి. రాత్రి దీపమువద్ద గీయుచుండగా వెనుకనుండి వచ్చి, “అది వేపచెట్టు కాదే, రావిచెట్టు. ఆకులు సరిగా దిద్దు” అనిరి.