అడవి గ్రామము నుండి అధ్యక్ష పీఠము వరకు: డోర్నకల్ నేల, చరిత్ర

డోర్నకల్ అనగానే మన విద్యార్థులకు బిషప్ వి.ఎస్. అజరయ్య గారు గుర్తుకు వస్తారు. ఊరు మాత్రము గుర్తుకు రాదు. సంఘ చరిత్ర పాఠములలో ఆ గ్రామము ఆయన జీవితమునకు ఒక చిరునామాగానే మిగిలిపోయింది. ఆ నేల స్వభావము తెలియకుండా అక్కడి సంఘము ఎదిగిన తీరు అర్థము కాదని మేము భావిస్తున్నాము.

ఖమ్మమునకు ఉత్తరమున, మున్నేరు పరీవాహక ప్రాంతములో ఉన్నది డోర్నకల్. ఇది ఒకప్పుడు నిజాం రాజ్యపు తూర్పు భాగము; 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లా, ఆ తరువాత మహబూబాబాద్ జిల్లా. చుట్టూ అడవి, మెట్ట పొలములు, లంబాడా తండాలు, మాల మాదిగ పల్లెలు. ఇంత మారుమూల గ్రామమునకు పేరు తెచ్చినది మొదట సువార్త కాదు, బొగ్గు. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతములో బొగ్గు నిక్షేపములను కనుగొన్నారు. సికింద్రాబాదు నుండి వరంగల్ మీదుగా వచ్చిన రైలు మార్గము 1889 నాటికి బెజవాడకు చేరింది. బొగ్గు గనులకు వెళ్ళే శాఖా మార్గము డోర్నకల్ వద్ద చీలింది. ఆ విధముగా అడవి మధ్య ఒక జంక్షన్ ఏర్పడింది. చుట్టుపక్కల గ్రామములకు దారి లేదు గాని, మద్రాసు వైపు నుండి వచ్చేవారికి డోర్నకల్ అందుబాటులో ఉన్నది!

ఆ అందుబాటును వినియోగించుకున్నవారు దక్షిణాది తమిళ క్రైస్తవులు. 1903లో తిరునెల్వేలి సంఘస్థులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. భారతీయుల కానుకలతో, భారతీయ సేవకులతోనే సేవ జరగాలన్నది వారి నియమము. వారు ఎంచుకున్న తెలుగు సేవాక్షేత్రమే డోర్నకల్. అజరయ్య గారు 1909లో గురువుగా అభిషేకము పొంది ఇక్కడికి వచ్చారు. దీనిని మనము ఒక వాక్యములో చెప్పి ముందుకు సాగిపోతాము. 35 ఏళ్ళ వయస్సులో కొత్త భాష నేర్చుకొని, పల్లె ప్రజలకు అర్థమయ్యేలా ప్రసంగించుట ఎంతటి శ్రమో సేవలో ఉన్న పాఠకులకు చెప్పనక్కరలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా ప్రతిష్ఠించబడ్డారు. భారతీయుని క్రింద పనిచేయుటకు కొందరు ఐరోపా మిషనరీలు ఇష్టపడలేదు. మొదట అప్పగించినది చిన్న అడవి ప్రాంతమే గనుక వారి అభ్యంతరము కొంత తగ్గిందని మా అభిప్రాయము. అయితే 1920వ దశకము ఆరంభమునకు ఆ అధ్యక్ష మండలము కృష్ణా డెల్టా వరకు విస్తరించింది. 1841 నుండి ఆంగ్ల మిషనరీలు పనిచేసిన మచిలీపట్నము కూడ డోర్నకల్ పరిధిలోనికి వచ్చింది. రేవు పట్టణము అడవి గ్రామము మాట వినవలసి వచ్చింది.

సంఘపు పెరుగుదల ప్రధానముగా మాల, మాదిగ పల్లెలలో జరిగింది. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అనే నాలుగింటిపై అజరయ్య గారు పోరాడారు. పల్లె పల్లెకు ఉపాధ్యాయులను పంపి, చదువురాని వారికి విశ్వాస ప్రమాణమును, ప్రభువు ప్రార్థనను కంఠస్థము చేయించారు. పీఠము చుట్టూ ఉన్న తండాలలో మాత్రము అంతటి కదలిక రాలేదు. కారణము ఏమిటి? ఈ ఉద్యమము బంధుత్వపు దారిలో నడిచింది. ఒక పల్లెలో బాప్తిస్మము పొందినవారి వియ్యంకులు, మేనమామలు మరొక పల్లెలో ఉండేవారు. కబురు అలా చేరేది. తండాల భాష వేరు, వియ్యము వేరు. నేటికీ డోర్నకల్ శాసనసభ స్థానము షెడ్యూల్డ్ తెగలకు కేటాయించబడినదే. కాబట్టి ఈ ప్రశ్న చరిత్ర విద్యార్థికి మాత్రమే కాదు, అక్కడి పాస్టరుకు కూడ సంబంధించినది.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, డోర్నకల్ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. దాని గుమ్మటములు మసీదును, స్తంభములు దక్షిణాది దేవాలయ మండపమును తలపిస్తాయి. నిజాం రాజ్యములోని తెలుగు నేలపై కట్టిన ఆలయము ఆ నేలవలెనే కనిపించాలన్న ఆలోచన అందులో ఉన్నది. గోతిక్ శిఖరములకు అలవాటు పడిన కన్నులకు అది వింతగా తోచవచ్చు. అజరయ్య గారు 1945 జనవరి 1న మరణించగా డోర్నకల్‌లోనే సమాధి చేశారు. ఆయన దీర్ఘకాలము కృషి చేసిన సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా రూపుదాల్చింది. ఆ సంఘములో డోర్నకల్ అధ్యక్ష మండలము ఈనాటికీ ఆ గ్రామము పేరుతోనే కొనసాగుతున్నది.