మూగజీవి మూత్రబాధ: అల్లరి కాదు, జబ్బు

పానగల్ వంటి ఊళ్లలో ఎలుకల బారి నుండి ధాన్యాన్ని కాపాడేది పిల్లి. అటువంటి ప్రాణి ఉన్నట్టుండి చాపలపై, దుప్పట్లపై మూత్రం పోయడం మొదలుపెడితే ఇంటిల్లిపాదికీ విసుగు పుడుతుంది. నమాజు చేసే చోటు, ధరించే బట్టలు పరిశుద్ధంగా ఉండాలి కనుక ఆ విసుగు సహజమే. అయితే పిల్లిని కొట్టి తరిమే ముందు మనం ఒక విషయం గ్రహించాలి. అది అల్లరి కాక, జబ్బు కావచ్చు.

పిల్లులలో మూత్రాశయం లోపలి పొర పదేపదే వాచి మంటపెట్టే వ్యాధి ఒకటి ఉంది. మాటిమాటికీ కూర్చుని ముక్కడం, మూత్రం చుక్కలుగా రావడం, అందులో రక్తం కనిపించడం దీని లక్షణాలు. పరీక్షిస్తే తరచూ సూక్ష్మక్రిములు గానీ రాళ్లు గానీ కనిపించవు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య శాస్త్రవేత్త టోనీ బఫింగ్టన్ ఏళ్ల తరబడి ఈ వ్యాధిని పరిశోధించారు. లోపం మూత్రాశయానికే పరిమితం కాదనీ, భయాందోళనలకు స్పందించే నాడీవ్యవస్థకూ ఇందులో పాత్ర ఉందనీ ఆయన వివరించారు. మనుషులలో, ముఖ్యంగా స్త్రీలలో కనిపించే దీర్ఘకాలిక మూత్రాశయ నొప్పికి ఇది దగ్గరి పోలిక.

ఇక్కడే సెరటోనిన్ ప్రస్తావన వస్తుంది. 1948లో శాస్త్రవేత్తలు రక్తం నుండి వేరుచేసిన ఈ పదార్థం నాడుల మధ్య సందేశాలను చేరవేస్తుంది. మెదడు అడుగు భాగం నుండి వెన్నుపాములోకి దిగే కొన్ని నాడులు దీనిని విడుదల చేస్తాయి. అప్పుడు మూత్రాశయం శాంతించి ఎక్కువ మూత్రాన్ని నిలుపుకుంటుంది, మూత్రనాళపు కండరం బిగుస్తుంది. వాచిన చోట విడుదలయ్యే సెరటోనిన్ మాత్రం నొప్పి నాడులను రెచ్చగొట్టగలదు. ఒకే పదార్థం ఒకచోట ఉపశమనం, మరొకచోట బాధ!

1995లో వెలువడిన ఒక పరిశోధనలో, మూత్రాశయాన్ని మంటకు గురిచేసిన పిల్లులకు డ్యులోక్సెటిన్ ఇచ్చారు. నాడుల మధ్య సెరటోనిన్, నోరాడ్రినలిన్ ఎక్కువసేపు నిలిచేలా చేసే మందు ఇది. ఆ పిల్లుల మూత్రాశయ సామర్థ్యం ఎంతో పెరిగింది. మంట లేని పిల్లులలో ప్రభావం స్వల్పమే. 2004లో ఐరోపా దేశాలు ఇదే మందును దగ్గినా తుమ్మినా మూత్రం జారే స్త్రీల కోసం ఆమోదించాయి.

అలాగని మనుషుల మాత్రలను మనంతట మనమే పిల్లికి ఇవ్వరాదు. ఒక్క పారాసిటమాల్ మాత్ర సైతం దాని ప్రాణం తీయవచ్చు. ఈ తరహా మందులను పశువైద్యులు తీవ్రమైన కేసులలోనే వాడతారు. మొదటి చికిత్స ప్రశాంతతే. దాక్కునే చోటు, ఎక్కి కూర్చునే ఎత్తైన స్థలం, వేళకు ఆహారం, శుభ్రమైన ఇసుక తొట్టి, మన మెట్ట ప్రాంతపు ఎండలలో రెండు మూడు చోట్ల మంచినీటి గిన్నెలు ఏర్పాటు చేయాలి. పిల్లలు దానిని తరిమి ఆడుకోకుండా చూడాలి.

మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజులలోనే మరణం సంభవించవచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా వైద్యుని వద్దకు చేర్చాలి.

పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీకి శిక్ష తప్పలేదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నోరులేని ప్రాణి బాధను అల్లరిగా భావించి వీధిపాలు చేయడం కూడా మనం జవాబు చెప్పుకోవలసిన విషయమే.