ఖాళీ గడి విలువ: బస్తర్ ప్రయాణానికి ముందు వేసుకోవలసిన లెక్కలు

మినెసోటాలో ఉండే మా మేనల్లుడు చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని, మంచుకు కన్నం వేసి చేపలు పడతాడు. "మామయ్యా, దాని మీద నడవాలంటే కనీసం నాలుగు అంగుళాల గట్టి మంచు ఉండాలి. కొలుస్తాం. తక్కువుంటే ఇంటికొచ్చేస్తాం" అని ఓసారి ఫోనులో చెప్పాడు. అది విని మా నాన్నగారు అటక మీది గాలం దింపించారు. నాగావళి ఒడ్డున పెరిగిన మనిషి, వయసు డెబ్భై నాలుగు. "మంచు లేకపోతే పోయింది. చలికాలంలో ఓ మంచి ఏటి ఒడ్డున ఒక పూట కూర్చోబెట్టరా, చాలు" అన్నారు.

కిందటేడాది జనవరిలో, డిసెంబరు ముగింపు పనులు అయ్యాక, కారులో బస్తర్ బయలుదేరాం. మేనేజ్‌మెంట్ చదివినవాణ్ని కదా, గంటగంటకూ ఎక్సెల్ షీటు వేశాను. విశాఖ నుంచి విజయనగరం, సాలూరు, కోరాపుట్, జయపురం మీదుగా జగదల్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్లు. మర్నాడు ఒక్కరోజులోనే కుటుంసర్ గుహ, తీరథ్‌గఢ్ జలపాతం, చిత్రకోట్ జలపాతం చూడాలని రాసుకున్నాను. తీరా వెళ్తే మొదటి రెండూ జగదల్‌పూర్‌కు ఒక దిక్కున, చిత్రకోట్ దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో మరో దిక్కున ఉన్నాయి.

చిత్రకోట్ చేరేసరికి పొద్దు వాలింది. గాలం సంచిలోంచి బయటికే రాలేదు. తిరుగుదారంతా చీకటి, ఫోనుకు సిగ్నల్ లేదు, నాన్నగారి బీపీ మాత్రలేమో హోటల్ గదిలో ఉండిపోయాయి. ఆ దారిలో కారు ఎలా నడిపానో నాకే తెలుసు. గదికి చేరాక ఆయన ఒక్కటే మాటన్నారు: "అన్నీ చూపించావురా, ఏదీ చూడనివ్వలేదు."

నా షీటులో ఒక్క ఖాళీ గడి కూడా లేదు. చేతిలో నగదు నిల్వ లేకుండా మనం కౌంటరు తెరుస్తామా? మారుమూల ప్రయాణానికి ఖాళీ సమయమే ఆ నిల్వ. మావాడు మంచు మందం కొలిచినట్టే, ఎక్కడ వెనక్కి తిరగాలో మనమూ ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. ఈ జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు నేను పాటించినవి ఇవి.

వెలుతురు: చలికాలంలో అక్కడ సాయంత్రం ఆరు లోపే చీకటి పడుతుంది. అందుకని ఎక్కడున్నా మూడింటికి తిరుగుముఖం పట్టాలని నియమం పెట్టుకున్నాం. సాలూరు దాటాక ఘాట్ రోడ్డులో పొద్దున్నే పొగమంచు ఉంటుంది కాబట్టి ఎండ వచ్చాకే ఎక్కాం. రోజుకు ఒక్క దిక్కే వెళ్లాం.

చిల్లర: మొదటిసారి వారపు సంతలో ఒక అవ్వ దగ్గర చింతపండు కొనబోతే యూపీఐ పనిచేయలేదు. నా దగ్గర అయిదు వందల నోట్లే ఉన్నాయి. బ్యాంకు ఆఫీసరునై ఉండి ఆ రోజు వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఈసారి పది, ఇరవై నోట్ల కట్టలు తీసుకెళ్లాను. జగదల్‌పూర్‌లోనే ట్యాంకు నింపించాను.

అనుమతి: కుటుంసర్, తీరథ్‌గఢ్ రెండూ 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఉన్నాయి. అక్కడ చేపలు పట్టడం నేరం. గుహను వానాకాలంలో మూసేస్తారు. తెరిచినప్పుడు కూడా గైడుతోనే వెళ్లాలి. లోపలి నీటిలో చీకటికి అలవాటుపడి చూపు కోల్పోయిన చేపలుంటాయి. వాటిని చూడటానికే వెళ్లాలి, పట్టడానికి కాదు. ఉద్యానం బయట కూడా స్థానికులను అడగకుండా గాలం వేయకూడదు. భద్రత సంగతి కూడా మరవకూడదు. ఏ దారి మంచిదో ముందురోజే పోలీసులను, హోటల్ వారిని అడిగి, ప్రధాన రహదారులే వాడాం.

మాత్రలు: రెండు రోజులవి ఎప్పుడూ కారులో, మనిషి పక్కనే ఉండాలి.

ఇంత చేశాక, మూడో రోజు గడిని ఖాళీగా వదిలేశాను. ఆ పూట ఇంద్రావతి ఒడ్డున ఒక పల్లె జాలర్లను అడిగితే, లోతు లేని చోటు చూపించారు. నాన్నగారు గాలం వేసుకుని ఎండలో మూడు గంటలు కూర్చున్నారు. మా అమ్మాయి ఎర గుచ్చడం నేర్చుకుంది. పడింది ఒక్కటే, అరచేతిలో ఇమిడే చేప. దాన్ని ఆయన నీళ్లలోకే వదిలేశారు.

ఎల్.ఎఫ్.సి. మీద కుటుంబంతో బయలుదేరే మిత్రులకు నాదొకటే సలహా. చూడవలసిన చోట్ల జాబితా రాసుకున్నాక, అందులో సగం కొట్టేయండి. ఏవి కొట్టేయాలో మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. తిరిగొచ్చేటప్పుడు కోరాపుట్ దగ్గర టీ తాగుతూ నాన్నగారు, "వచ్చే ఏడు ఇంకో గాలం కొనరా, అమ్మాయికి" అన్నారు.