విద్యాబోధనలో ప్రశంస, దండన

హఫీజ్‌పేట్‌లో ఉదయం బడికీ, సాయంత్రం మదరసాకూ వెళ్ళే బాలునికి రెండు చోట్లా ఒకే చట్టం వర్తించదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది. 2012 నాటి సవరణ మదరసాలను ఆ చట్టం పరిధి నుండి తప్పించింది. అయితే ఇస్లామీయ పండితులు శతాబ్దాల క్రితమే ఉపాధ్యాయునికి హద్దులు నిర్ణయించారు.

బాలుడు మంచి పని చేస్తే నలుగురిలో మెచ్చుకొని, అతనికి సంతోషం కలిగించేది బహూకరించాలని ఇమామ్ గజాలీ (మరణం: 1111) బోధించారు. మొదటి తప్పును, ముఖ్యంగా బాలుడు దానిని దాచుకొంటున్నప్పుడు, చూడనట్లే ఉండాలి; మరల చేస్తే ఏకాంతంలో మందలించాలి. కఠిన దండన పిల్లలకు అబద్ధాన్నీ కపటాన్నీ నేర్పుతుందని ఇబ్న్ ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో హెచ్చరించారు. దండనను పూర్తిగా నిషేధించకపోయినా, మూడు దెబ్బలకు మించరాదన్న పూర్వుల మాటను ఆయన గుర్తు చేశారు.

ఆ చట్టం వర్తించని తరగతిలో, బెత్తం అందుకొనే ముందు ఉపాధ్యాయుడు తెరవవలసినవి ఈ గ్రంథాలే.