ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని లాగే బండి

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, కొలరాడో నది ఒడ్డున బుల్‌హెడ్ సిటీ అనే ఊరుంది. పక్కనే డేవిస్ డామ్. అక్కణ్ణుంచి తూర్పుగా కొండల్లోకి పోయే 68వ నంబరు రహదారి పదకొండు మైళ్ల పైచిలుకు దూరంలో సుమారు 900 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. వేసవిలో ఆ ఎండ ముందు మన రెంటచింతల, రామగుండం చిన్నబోతాయి. బండి ఎంత బరువు లాగగలదో కార్ల కంపెనీలు తేల్చుకునే కొండ ఇదే. వెనక ట్రెయిలర్ తగిలించాలి. బయట వేడి కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. లోపల ఏసీ, ఫ్యాను పూర్తిగా పెట్టి ఉంచాలి. కింది నుంచి పై దాకా వేగం గంటకు 40 మైళ్లకు తగ్గకూడదు, దారిలో ఏ భాగమూ చెడిపోకూడదు. స్వయంగా కొండకు వెళ్లకపోతే వేడి గాలి గదిలో, రోలర్ల మీద ఇదే కొండను పునఃసృష్టించి పరీక్షిస్తారు.

ఈ పరీక్షకు ఎస్ఏఈ జె2807 అని పేరు. ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం దీన్ని మొదట 2008లో ప్రకటించింది. అంతకు ముందు ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ వేసుకునేది. పక్క కంపెనీ ఎక్కువ అంకె వేస్తే మరుసటి ఏడాది ఇటువైపు అంకె పెరిగేది, బండిలో మాత్రం మరలేమీ మారేవి కావు. 2011 మోడళ్లతో టొయోటా ముందుగా కొత్త పద్ధతికి ఒప్పుకుంది. మిగిలిన పెద్ద కంపెనీలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా దారికొచ్చాయి. పాత బండి కొనేవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: ఈ పరీక్షకు ముందటి బ్రోషర్‌లోని 5,000 పౌండ్లూ, ఇవాళ్టి బ్రోషర్‌లోని 5,000 పౌండ్లూ ఒకే కొలతతో కొలిచినవి కావు.

ఇంటిల్లిపాదినీ ఎక్కించుకునే బండికి ట్రెయిలర్ లాగే పని ఎలా తగులుకుందో తెలియాలంటే 1935కు వెళ్లాలి. అప్పటికి స్టేషన్ వ్యాగన్లంటే కర్రతో కట్టిన బాడీలు. షెవ్రొలే కంపెనీ అర టన్ను ట్రక్కు చాసిస్ మీద పూర్తిగా ఉక్కు బాడీ కట్టి, ఎనిమిది మంది కూర్చునేలా సీట్లు వేసి, సబర్బన్ క్యారీఆల్ అని పేరు పెట్టి అమ్మింది. సీట్లు తీసేస్తే సామాను బండి, పెడితే మనుషుల బండి. సబర్బన్ పేరు నేటికీ నడుస్తోంది. అమెరికా రోడ్ల మీద ట్రావెల్ ట్రెయిలర్లు పెరిగిన కాలమూ అదే. వెండిలా మెరిసే అల్యూమినియం ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ 1936లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విల్లీస్ కంపెనీ జీపు పోలికలతో ఉక్కు స్టేషన్ వ్యాగన్ చేసి, 1949లో దానికి నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఏర్పాటు చేసింది. ఆ దశాబ్దంలోనే మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మన పల్లెల్లో లెక్కకు మించి జనాన్ని మోసిన జీపుల వంశం అక్కడిదే.

నన్నడిగితే అసలు మలుపు జీప్ వ్యాగనీర్. 1962 చివర్లో, 1963 మోడల్‌గా వచ్చింది. నాలుగు తలుపులు, ఆటోమేటిక్ గేర్లు, నాలుగు చక్రాల శక్తి మూడూ ఒకే బండిలో. ట్రక్కు బలాన్ని కారు సుఖంతో కలపవచ్చని దాని రూపకర్త బ్రూక్స్ స్టీవెన్స్ చూపించాడు. ఆ ఆకారం పెద్దగా మారకుండానే 1991 దాకా అమ్ముడుపోయింది.

అయినా ఆ రోజుల్లో సగటు అమెరికా కుటుంబం పడవనో ట్రెయిలర్‌నో లాగింది పొడవాటి స్టేషన్ వ్యాగన్‌తోనే. విడిగా ఉక్కు చాసిస్, ముందు ఎనిమిది సిలిండర్ల ఇంజన్, వెనక చక్రాలకు శక్తి. దాని కాలం చెల్లడానికి ఒక చట్టం కారణమైంది. చమురు సంక్షోభం తర్వాత 1975లో అమెరికా ప్రభుత్వం కార్ల మైలేజీకి గీత గీసింది. 1985 నాటికి ఒక కంపెనీ కార్ల సగటు గ్యాలన్‌కు 27.5 మైళ్లు ఉండాలి. తేలికపాటి ట్రక్కులకు మాత్రం వేరే గీత, అదీ బాగా కింద. వ్యాగన్ కారు కిందికి వచ్చింది, ట్రక్కు చాసిస్ మీది ఎస్‌యూవీ ట్రక్కు కిందికి వచ్చింది. బరువైన బండి కట్టి అమ్మాలంటే ఏ వరసలో నిలబడాలో కంపెనీలకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. 5,000 పౌండ్లు లాగగల బ్యూక్ రోడ్‌మాస్టర్ వ్యాగన్ 1996లో ఆగిపోయింది. అప్పటికే 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఊరూరా ఇళ్ల ముందు నిలిచి ఉంది.

ఎక్స్‌ప్లోరర్ కథలో ఒక విషాదముంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ లక్షలాది టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌ప్లోరర్లకు బిగించినవే. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడి, బండ్లు పల్టీ కొట్టి, అమెరికాలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. తయారీ లోపంతో పాటు గాలి తక్కువ, బరువు ఎక్కువ, ఎండ, వేగం కలిసి టైరులో వేడి పుట్టించాయి. ఆ ఏడాదే కొత్త చట్టం వచ్చింది. మన డాష్‌బోర్డు మీద టైరులో గాలి తగ్గిందని వెలిగే పసుపు గుర్తు ఆ చట్టం పెట్టించినదే. ట్రెయిలర్ లాగే బండికి ఆ నాలుగు కారణాలూ రోజూ ఎదురవుతాయి కాబట్టి ఈ చరిత్రను తేలిగ్గా తీసుకోకూడదు.

తర్వాతి మార్పు లోపలి ఎముకల్లో వచ్చింది. విడి చాసిస్ పోయి, బాడీయే చాసిస్‌గా పనిచేసే నిర్మాణం వచ్చింది. జీప్ చెరోకీ 1984లోనే ఆ దారి పట్టింది. టొయోటా రావ్4, లెక్సస్ ఆర్ఎక్స్ దాన్ని కుటుంబాలకు అలవాటు చేశాయి. 2011 మోడల్‌తో ఎక్స్‌ప్లోరర్ కూడా అటే మారింది. డాలస్‌లోనో అట్లాంటాలోనో మన తెలుగు ఇళ్ల ముందు కనిపించే మూడు వరసల బండ్లు, హోండా పైలట్, టొయోటా హైలాండర్, కియా టెల్యూరైడ్, అన్నీ క్రాస్ఓవర్ అనే ఈ జాతివే. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర సెల్టోస్ చేసే కియాయే జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్‌లో టెల్యూరైడ్ చేస్తోంది. ఈ మూడింటిలోనూ తగిన రకం ఎంచుకుంటే 5,000 పౌండ్లు, అంటే సుమారు 2,270 కిలోలు లాగవచ్చంటారు. తగిన రకం అన్న మాటను మాత్రం పట్టుకోవాలి. పైలట్‌లో నాలుగు చక్రాల శక్తి ఉంటే 5,000, ముందు చక్రాలకే ఉంటే 3,500. హైలాండర్ హైబ్రిడ్‌కు 3,500 మాత్రమే.

ఇక బరువు సంగతి. ఎడ్లబండికి బస్తాలు వేసేవాడు ఇరుసుకు కాస్త ముందుకే బరువు సర్దుతాడు. కాడి ఎద్దుల మెడ మీద నిలవాలి. వెనక బరువెక్కితే నొగ పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. ట్రెయిలర్‌కూ అదే సూత్రం. అమెరికా పద్ధతిలో ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు వెనక ట్రెయిలర్‌ను తగిలించే హిచ్ గుండు మీద పడాలి. యూరప్‌లో ఇంతకంటే తక్కువ చాలంటారు, కానీ అక్కడ ట్రెయిలర్‌తో పోయే వేగమూ తక్కువే. ఒకే కారుకు రెండు ఖండాల్లో రెండు అంకెలు ఉండటానికి ఇదొక కారణం.

ముందు బరువు తక్కువైతే ఏమవుతుంది? ఒక వేగం దాటాక ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మామూలుగా ప్రతి ఊపూ దాని ముందరి దానికంటే చిన్నదై ఆగిపోవాలి. వెనక బరువెక్కిన ట్రెయిలర్‌లో ప్రతి ఊపూ ముందరి దానికంటే పెద్దదవుతుంది, చివరికి కారునే రోడ్డు మీది నుంచి తిప్పేస్తుంది. కదిలే పట్టీ మీద బొమ్మ కారు, బొమ్మ ట్రెయిలర్ పెట్టి, బరువును ముందుకూ వెనక్కీ జరిపి చూపించే ప్రయోగం చూసినవాళ్లు దీన్ని జన్మలో మరిచిపోరు. అలాంటప్పుడు స్టీరింగ్‌తో పోట్లాడకూడదు, కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. యాక్సిలరేటర్ వదిలి, ట్రెయిలర్ బ్రేకులను చేతి మీటతో పట్టించాలి. కారు పొడుగ్గా ఉండి, వెనక ఇరుసుకూ హిచ్ గుండుకూ దూరం తక్కువగా ఉంటే ఊపు అంత తేలిగ్గా పుట్టదు. అందుకే ట్రెయిలర్ లాగేవాళ్లు పొట్టి బండిని అనుమానంగా చూస్తారు. ఆ అనుమానం న్యాయమైనదే.

హిచ్ మీద పడే బరువు కారులో మరో పని చేస్తుంది. గుండు మీద 250 కిలోలు పడ్డాయనుకోండి. గుండు వెనక ఇరుసుకు 1.2 మీటర్లు వెనకుంది, రెండు ఇరుసుల మధ్య దూరం 2.9 మీటర్లు. వెనక ఇరుసు మీద పెరిగేది 250 కాదు, సుమారు 350 కిలోలు. మిగతా 100 కిలోలు ముందు చక్రాల మీది నుంచి లేచి వెనక్కి వచ్చినవి. ముందు తేలికైతే స్టీరింగ్ పట్టు, బ్రేకు పట్టు రెండూ తగ్గుతాయి. బరువును ముందుకు పంచే స్ప్రింగు కడ్డీల హిచ్ ఇందుకే పుట్టింది. అయితే కొన్ని బండ్ల కంపెనీలు దాన్ని వాడొద్దంటాయి, కాబట్టి ముందు బండి పుస్తకం చూడాలి.

ఇప్పుడు డేవిస్ డామ్ కొండకు లెక్క కడదాం. కారు, ట్రెయిలర్ కలిపి 4,000 కిలోలు. 900 మీటర్లు ఎక్కించడానికే సుమారు 3.5 కోట్ల జౌళ్ల శక్తి కావాలి. అది లీటరు పెట్రోలులో ఉండే శక్తి కంటే కాస్త ఎక్కువ. ఇంజన్ పెట్రోలు శక్తిలో మూడో వంతును కూడా కష్టం మీదే చక్రాలకు ఇస్తుంది, మిగిలింది వేడి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోని టార్క్ కన్వర్టర్ నూనెను చిలుకుతూ తన వంతు వేడి కలుపుతుంది. లాగుడు ప్యాకేజీ పేరుతో కంపెనీ ఇచ్చే పెద్ద రేడియేటర్, గేర్ నూనెకు విడి కూలర్ ఈ వేడి కోసమే. అదే కొండ దిగేటప్పుడు ఆ శక్తంతా తిరిగి వస్తుంది. నూట ఇరవై లీటర్ల నీళ్లు మరిగించగల వేడి అది. ఇంజన్‌ను తక్కువ గేరులో పెట్టి అడ్డుకోకపోతే మొత్తం బ్రేకుల నెత్తిన పడుతుంది. 3,000 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని చాలా అమెరికా రాష్ట్రాల చట్టం అందుకే అంటుంది.

నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది వేరే ఉంది. జె2807 పరీక్షలో బండిలో ఇద్దరే కూర్చుంటారని లెక్క. డ్రైవరూ, పక్కన ఇంకొకరూ, మనిషికి 150 పౌండ్లు. బ్రోషర్‌లోని పెద్ద అంకె ఆ ఇద్దరిది. ఇంటిల్లిపాదీ ఎక్కినప్పుడు వర్తించే అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు స్టిక్కర్‌లో ఉంటుంది: మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని. మూడు వరసల బండిలో అది 1,400 పౌండ్లు అనుకుందాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, వేసవి సెలవుల్లో యెల్లోస్టోన్ వెళ్లాలి. నలుగురు పెద్దలు 640, ఇద్దరు పిల్లలు 160, సామాను 150. మొత్తం 950. ఇక 5,000 పౌండ్ల ట్రెయిలర్ హిచ్ మీద మోపే బరువు, తక్కువలో తక్కువ 500. అదీ ఈ స్టిక్కర్ లెక్కలోకే వస్తుంది. 1,450. ఇంజన్ లాగుతుంది, కొండ ఎక్కుతుంది, కానీ బండి మోయాల్సిన బరువు హద్దు దాటేసింది.

అందుకని కొనేటప్పుడు ట్రెయిలర్ నుంచి వెనక్కి లెక్క కట్టాలి. ట్రెయిలర్‌ను ఖాళీగా కాక నీళ్లు, గ్యాసు, గిన్నెలతో నింపి ఎంతుందో చూడాలి. 3,000 పౌండ్ల లోపు చిన్న ట్రెయిలరో, చేపల వేట పడవో అయితే కొత్త టెల్యూరైడ్, పైలట్ లాంటివి హాయిగా సరిపోతాయి. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ అవే సుఖం. 5,000 అంచున వేలాడాల్సి వస్తే నా ఓటు కొత్త క్రాస్ఓవర్‌కు కాదు, అదే డబ్బుకు వచ్చే మూడు, నాలుగేళ్ల నాటి పెద్ద బండికి. విడి చాసిస్ ఉన్న టాహో, సబర్బన్, ఎక్స్‌పెడిషన్, లేదా వెనక చక్రాల మూలం మీద కట్టిన డురాంగో. పెట్రోలు ఎక్కువ తాగుతాయి, నిజమే. కానీ హద్దుకు దూరంగా పనిచేసే యంత్రం ఎక్కువ కాలం బతుకుతుంది. కరెంటు బండి కావాలనుకుంటే రివియన్ ఆర్1ఎస్ 7,700 పౌండ్లు లాగుతుంది. ట్రెయిలర్ గాలిని చీల్చే భారానికి ఒక చార్జితో పోయే దూరం దాదాపు సగమవుతుంది కాబట్టి దారి పొడవునా చార్జర్లు ఎక్కడున్నాయో ముందే చూసుకోవాలి.

పాత బండి చూసేటప్పుడు వెనక హిచ్ కనబడగానే సంబరపడొద్దు. బయట షాపులో బిగించిన హిచ్ బండి సత్తువను పిసరంత కూడా పెంచదు. కంపెనీ లాగుడు ప్యాకేజీతో పుట్టిన బండేనా అని బండి నంబరుతో డీలర్ దగ్గర కనుక్కోవాలి. గేర్ నూనె నల్లబడి మాడు వాసన కొడితే ఆ గేర్‌బాక్స్ చాలా కొండలు ఎక్కింది, వదిలేయండి. వెనక బంపర్ కింద పడుకుని చూడండి. పడవను ఉప్పునీటిలోకి దింపిన బండికి అక్కడే తుప్పు పడుతుంది. లైట్ల తీగలు కోసి, టేపు చుట్టి ఉంటే ధర తగ్గించమనడం కాదు, ఆ పని చేసినవాడు ఇంకేం చేసుంటాడో ఆలోచించాలి. కొన్నాక మొదటి ప్రయాణం రోజున, ఇంటివాళ్లందరినీ ఎక్కించి, ట్రెయిలర్ తగిలించి, హైవే పక్కన లారీలు తూచే కాటా మీదికి తీసుకెళ్లండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసు దేనికదిగా చీటీ మీద అచ్చు వేసి ఇస్తారు. ఆ మూడు అంకెల్నీ తలుపు స్టిక్కర్‌తో, ఇరుసుల హద్దులు రాసిన పక్క స్టిక్కర్‌తో సరిచూసుకుని, ఎక్కువైన సామాను దింపి బయలుదేరండి.